పద్నాలుగు బస్తాల వెలితి

వెలితి సారుకు ఏది చూసినా రెండుగా కనిపిస్తుంది. ఒకటి అక్కడ ఉన్నది. రెండోది అక్కడ ఉండవలసింది. ఇదేమంత పెద్ద జబ్బు కాదు, పెళ్ళయిన చాలామందికి ఉన్నదే. కాకపోతే తక్కినవాళ్ళు ఒక నిట్టూర్పు విడిచి ఊరుకుంటారు. ఈయన ఊరుకోడు. ఆ రెంటికీ నడుమ ఎంత ఖాళీ ఉందో కొలుస్తాడు. కొలిచి, ఎదుటివాడి మొహం మీదే చెబుతాడు: "రావలసింది ఇంత. వచ్చింది ఇంత. వెలితి ఇంత."

ఉద్యోగం కూడా కోరి అడిగినట్టు సరిగ్గా అలాంటిదే దొరికింది. పంట దిగుబడులు కొలిచే ఆఫీసు. వేళకు నీళ్ళు, మంచి విత్తనం, సరిపడా ఎరువు, పురుగూ పుట్రా లేని చేను, ఇలా అన్నీ అమరితే ఎకరానికి ఎన్ని బస్తాల వరి పండగలదో అది రావలసింది. రైతు నిజంగా నూర్చి పోసుకున్నది వచ్చింది. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేదే సారు జీవితం. "మా బావ జబ్బుకి మందిచ్చేవాళ్ళు లేరు కానీ జీతమిచ్చేవాళ్ళున్నారు" అంటాడు ఆయన బావమరిది.

ఈ బావమరిది ఆ ఆఫీసు జీపుకు డ్రైవరు. పదో తరగతి పరీక్ష రాస్తూ రాస్తూ, మంచినీళ్ళు తాగి వస్తానని లేచి బయటికి వెళ్ళాడు. అది జరిగి పాతికేళ్ళు. ఇంకా తిరిగి రాలేదు. అతను చెప్పే కబుర్లలో ఉండవలసిన నిజమెంత, ఉన్నదెంత అని బావ ఒకసారి కొలవబోయాడు కానీ, అంత వెలితి పట్టే పుస్తకం ఆఫీసులో లేక మానుకున్నాడు.

టీకొట్టు ముందు ఈ ఇద్దరి జీపూ ఆగిందంటే టీకొట్టాయన గ్లాసులు రెండోసారి కడిగేవాడు.

"ఈ గ్లాసులో పట్టేది నూట ఇరవై మిల్లీలీటర్లు. నువ్వు పోసింది తొంభై అయిదు. వెలితి పాతిక."

"పైన నురుగుంది కద సారూ!"

"నురుగుని గింజల్లో కలపరయ్యా. తాలు కింద చెరిగేస్తారు."

మర్నాటి నుంచి టీకొట్టాయన గ్లాసు అంచు పొంగేలా పొయ్యడం మొదలుపెట్టాడు. నెల తిరిగేసరికి ఆ వీధిలో వేళ్ళు కాలని మనిషి లేడు.

మంగలి మాత్రం లొంగలేదు. క్షవరానికి కూర్చున్న సారు అద్దంలో తన బట్టతలను చూసుకుని, "మనిషి తలమీద లక్ష వెంట్రుకలు రావాలోయ్" అని మొదలుపెట్టగానే మంగలి కత్తెర ఆపి, "వెలితి కొలవాలంటే ముందు పంటంటూ ఉండాలి కదండీ. ఇది బీడు" అన్నాడు. సాయంత్రం ఇంటి ముందు జీపు దిగబోతూ సారు డ్రైవరుతో, "బీడని పూర్తిగా తీసెయ్యకూడదురా. చెవుల పక్కన కాస్త ఉంది" అన్నాడు.

వాన సంగతి డ్రైవరు చెప్పినదే, కాబట్టి సగానికి సగం తరుగు తీసి వినాలి. ఒక ఏడాది నెలాఖరున సారు డాబా మీద నిలబడి, మబ్బు వైపు వేలెత్తి, "నూట యాభై రావాలి. నూట ఇరవయ్యే వచ్చావు. వెలితి ముప్ఫై" అన్నాడట. మబ్బుకు తలకొట్టేసినట్టయిందట. మర్నాడు తిరిగొచ్చి ఆ ముప్ఫై మిల్లీమీటర్లూ సారు డాబా మీద మాత్రమే కురిసి, ఒక్క చుక్క పక్కింటి మీద పడకుండా వెళ్ళిపోయిందట. "అబద్ధమైతే మా అక్కనడుగు. ఆరేసిన బట్టలన్నీ తడిసిపోయాయి" అంటాడు. అక్కనడిగితే, "తడిసిన మాట నిజమే. తియ్యరా అంటే వీడు గుర్రుపెట్టి నిద్రపోయాడు" అంటుంది.

ఆ ఇంట్లో సారుకు జవాబు చెప్పగలిగింది ఈ అక్క ఒక్కతే.

"నీకు ఎనిమిది గంటల నిద్ర రావాలి. ఆరున్నరే వచ్చింది. వెలితి గంటన్నర" అన్నాడు సారు ఒక పొద్దున.

"ఆ గంటన్నరా మీ గురకదండీ. నా నిద్రనంటారేం?"

సారు కాసేపు ఆలోచించి, పెన్ను తీసి ఏదో రాసుకున్నాడు. ఎవరేమన్నా వెలితి రాసుకునే మనిషే కదా అని అక్కా తమ్ముళ్ళిద్దరూ పట్టించుకోలేదు.

సారు పనిముట్లు మూడు. తాడు, తక్కెడ, పుస్తకం. నాలుగు మేకులు పాతి తాడు చుడితే అటు అయిదు మీటర్లు, ఇటు అయిదు మీటర్లు చతురస్రం రావాలి. దాని లోపలి చేను కోసి, నూర్చి, తూచి, ఎకరానికి లెక్కగడతారు. తడిస్తే బెత్తెడు కుంచించుకుపోతుందని ఆ తాణ్ణి సారు చంటిపిల్లలా పొడిగుడ్డలో చుట్టి ఇంటికి తీసుకుపోయేవాడు. రోజూ పొద్దున్నే ఇనుప టేపుతో దాని పొడవు కొలిచాకే తన కాఫీ. చతురస్రం ఎక్కడ వెయ్యాలో కూడా తన ఇష్టానికి వదలడు. అచ్చువేసిన అంకెల పట్టిక కళ్ళు మూసుకుని తెరిచి, వేలు ఏ అంకె మీద పడితే అన్ని అడుగులు. ఆ వేలు ఎప్పుడూ చేలో పల్చటి చోటికే తీసుకుపోతుందని రైతులందరి నమ్మకం. సారు వస్తున్నాడంటే గట్ల మీది కొంగలు కూడా, తమ కాళ్ళ పొడవు ఎక్కడ కొలుస్తాడోనని ఎగిరిపోయేవి.

కాలువ పొడుగునా ఉన్న భూములు సాగునీటి సంఘానివి. మడులుగా విడగొట్టి సాగుకు ఇస్తారు. చిట్టచివరి మడి ఒకావిడది. వయసుకు మర్యాద, నోటికి భయం, రెండూ కలిపి అందరూ ఆవిడను పిన్ని అనేవాళ్ళు. కాలువ నీళ్ళు పైమడులన్నీ కడుపునిండా తాగి, పుక్కిలించి, ఇంకా మిగిలితే పిన్ని మడికొచ్చేవి. ఇరవై ఏళ్ళుగా ఆవిడ బతుకంతా ఆ ఒక్క మడే.

సంఘానికి ఒక నియమం ఉంది. వరసగా రెండు పంటల్లో పది బస్తాలు మించి వెలితి చూపించిన మడిని వెనక్కి తీసుకుని చేతనైనవాళ్ళకు ఇస్తారు. పోయిన పంటలో పిన్ని వెలితి పన్నెండు. ఈసారీ పది దాటితే మడి పోతుంది. సంఘం ప్రెసిడెంటు తమ్ముడు అప్పుడే వచ్చి, పిన్ని గట్టు మీద అటూ ఇటూ నడిచి, తన మోటరు ఎక్కడ పెట్టాలో చూసుకుని వెళ్ళాడు.

కొలత రోజు పిన్ని గట్టు మీద నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది.

"వచ్చావా నాయనా! నా కొంపకి కొలత తెచ్చావా?"

"కొంపకి కాదు పిన్నీ, మడికి" అన్నాడు సారు మేకులు దించుతూ.

"నాకు రెండూ ఒకటేనయ్యా!"

సారు పట్టిక తెరిచాడు. తూర్పు గట్టు నుంచి ముప్ఫై ఏడు అడుగులు, ఉత్తరం నుంచి పంతొమ్మిది. వెళ్ళి చూస్తే చేలో అంత సన్నగా ఉన్న చోటు ఇంకోటి లేదు.

"అటు కాదయ్యా మహానుభావా! ఇటు చూడు, ఎంత ఒత్తుగా ఉందో! ఇక్కడెయ్యి నీ తాడు. వేళ్ళు లేవా నీకు, వేరే అంకె మీద పెట్టుకోడానికి?"

తాడు రెండో కొస పట్టుకున్న డ్రైవరు గొంతు తగ్గించాడు. "బావా, నేను కాస్త వదులుగా పడతాను. నాలుగు కుదుళ్ళు లోపలికొస్తే పిన్ని గట్టెక్కుతుంది. ఎవడు చూడొచ్చాడు?"

"బిగించు."

"బావా!"

"ఇవాళ వదులుగా పట్టమనేవాడి మాట వింటే, రేపు బిగించి పట్టమనేవాడి మాటా వినాలిరా. వాడు నీకంటే పెద్దవాడై ఉంటాడు. బిగించు."

తాడు బిగిసింది. అప్పుడు సారు చేసిన పని చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. కోతకు ముందు ఆ చతురస్రంలో మోకాళ్ళ మీద పాకుతూ రెండు గంటలు తిరిగాడు. ఉన్న కుదుళ్ళు లెక్కపెట్టాడు. కుదురు ఉండవలసి లేని చోట్లు లెక్కపెట్టాడు. కలుపు మొక్కలు లెక్కపెట్టాడు. మన్ను చిదిమి వాసన చూశాడు. పిన్నిని, "నీళ్ళు ఏ రోజొచ్చాయి?" అని అడిగాడు. ఆవిడ ఆ రోజు చెప్పి, ఆ రోజు తాను ఎవరెవరిని తిట్టిందో కూడా చెప్పింది. అన్నీ రాసుకున్నాడు.

"బతికుండగానే పోస్టుమార్టం చేసేవాణ్ణి నిన్నే చూశానయ్యా" అంది పిన్ని.

కోశారు. టార్పాలిన్ మీద నూర్చారు. తూచారు. పన్నెండు కిలోలు.

"ఎకరానికి ఇరవై ఆరు బస్తాలు" అన్నాడు సారు పుస్తకంలో రాస్తూ. "రావలసింది నలభై. వెలితి పద్నాలుగు."

పిన్ని తిడుతుందని డ్రైవరు చెవులు మూసుకోబోయాడు. ఆవిడ వంగి, టార్పాలిన్ మీది దుమ్ము దులిపి, నాలుగు మడతలు పెట్టి, సారు చేతికిచ్చింది. "అయితే సరే" అని ఇంటివైపు నడిచింది. ఆ రెండు మాటలూ డ్రైవరుకు ఇరవై ఏళ్ళ తిట్లకంటే గట్టిగా తగిలాయి.

తిరుగుదారిలో డ్రైవరు గుంటల్ని ఏరి ఏరి జీపు ఎక్కించాడు.

"రోడ్డులో నలభై గుంటలుంటే యాభై ఎక్కించావు" అన్నాడు సారు తల రుద్దుకుంటూ. "వెలితి లేదు సరికదా, మిగులు."

డ్రైవరు యాభై ఒకటోది ఎక్కించాడు.

ఇంటి దగ్గర అక్క వడ్డించింది. సారు కంచం వైపు చూశాడు. కూర ఎంత ఉండాలో, ఎంత ఉందో చెప్పలేదు. ఉప్పు సంగతి ఎత్తలేదు. తిని లేచాడు. అక్క గాభరాగా ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, తమ్ముణ్ణి పక్కకు పిలిచింది. "ఏం చేశావురా మీ బావని?"

"నేనా? ఆయనే పిన్నిని చేశాడు" అని డ్రైవరు జరిగింది చెప్పాడు.

మర్నాడు పొద్దున ఆఫీసు ఆవరణలో డ్రైవరు నమూనా మడి పక్కన బాటమీద చతికిలబడ్డాడు. ఈ నమూనా మడి ఆఫీసుకు కంటిపాప. పెళ్ళిపందిరిలో సగం ఉండదు. అటు ఏడు మీటర్లు, ఇటు ఏడు. చూడవచ్చినవాళ్ళు నడవడానికి చుట్టూ వెడల్పైన బాటలు. వేళకు నీళ్ళు, వేళకు ఎరువు, పిట్టవాలితే తోలడానికి ఒక మనిషి. ఇందులో వచ్చిన దిగుబడే ఎకరానికి నలభై బస్తాలు. ఆ నలభైని ఆఫీసు గోడమీద మనిషెత్తు అంకెలతో రాయించి, ఏటా రంగు వేయిస్తాడు పెద్దసారు. ఊళ్ళో అందరి వెలితినీ ఆ గోడతోనే కొలుస్తారు. ఈ ఏడు పంట ఇంకా కొయ్యలేదు. మర్నాడు అతిథుల ఎదుట పెద్దసారు స్వహస్తాలతో కొయ్యాలి.

"ఏం చూస్తున్నావురా?" సారు వచ్చి నిలబడ్డాడు.

"నీ నలభైని. బతికితే ఇలా బతకాలి" అన్నాడు డ్రైవరు తలతిప్పకుండా. "పిన్ని చేలో మొక్కలు కిక్కిరిసిన బస్సులో నిలబడి వచ్చాయి బావా. ఒకదాని మోచెయ్యి ఒకదాని డొక్కలో. ఇక్కడ చూడు, సగంమందికి కిటికీ పక్క సీటే."

"ఏమన్నావు?"

"కిటికీ పక్క సీటన్నాను. గాలి, వెలుతురు, కాళ్ళు చాపుకునే జాగా. వీటికీ పిన్ని మొక్కలకీ పోటీ ఏమిటి?"

సారు రెప్పవెయ్యకుండా మడి అంచులవైపు చూశాడు. అంచు వరసలు బొద్దుగా, కంకులు బరువుకు వంగి బాటమీదికి తలలు పెట్టుకుని ఉన్నాయి. నడిమి మొక్కలు మామూలుగా ఉన్నాయి.

"తాడు పట్రా. కొడవలి కూడా."

"రేపు పెద్దసారు కొయ్యాలి కదా బావా! అతిథులొస్తారు!"

"అంచున కాస్త మిగుల్చుదాం. అతిథులకి అది చాలు."

అంచుల్లో ఒక మీటరు వదిలి, సరిగ్గా మధ్యలో తాడు చుట్టారు. లోపలిది వేరే కోశారు, వేరే నూర్చారు, వేరే తూచారు. కోత జోరులో అతిథుల వాటా మిగల్చడం ఇద్దరూ మరిచిపోయారు. పద్నాలుగు కిలోల మీద కాస్త. ఎకరానికి ముప్ఫై ఒకటి. సారు మళ్ళీ తూచాడు. మళ్ళీ అంతే. విశాలమైన చేలో అంచు మొక్కలు ఎన్నో ఉండవు. ఇంత చిన్న మడిలో మాత్రం ఇంచుమించు సగం అంచే. ఆ అంచుల బలుపును కూడా కలిపి తూచి, అదే ఎకరానికంతా వస్తుందని గోడమీద రాశారు. ఏ చేనూ ఎన్నడూ అందుకోలేని అంకె అది. ఊరంతా పదేళ్ళుగా దానికేసి చూసి తల దించుకుంటోంది.

"పదేళ్ళ కిందట మొదటిసారి దీన్ని కొలిచిందెవరు బావా?" అన్నాడు డ్రైవరు హుషారుగా. "ఆ ప్రబుద్ధుణ్ణి పట్టుకుంటే..."

సారు బాటమీద కూర్చున్నాడు. "నేనే."

డ్రైవరు కూడా పక్కన కూర్చున్నాడు.

"చెప్పకు బావా. ఇంకేదన్నా దారి చూద్దాం. చెప్పావంటే పెద్దసారు నిన్ను నమిలేస్తాడు. పదేళ్ళ పుస్తకాలూ తప్పని తేలుతుంది. ఊళ్ళో నిన్ను చూసి నవ్వుతారు."

"ఇప్పుడూ నవ్వుతూనే ఉన్నారు కదరా" అన్నాడు సారు లేస్తూ. "అందులో వెలితేమీ లేదు."

ఈ సంగతి కనిపెట్టింది తానేనని డ్రైవరు ఇప్పటికీ చెప్పుకుంటాడు. చెప్పిన ప్రతిసారీ ఆ బస్సు పొడవు కాస్త పెరుగుతూ ఉంటుంది. ఈ మధ్య రైలైంది.

ఆ మధ్యాహ్నమే సంఘం హాల్లో సమావేశం. ముందు వరసలో పెద్దసారు, బల్ల వెనక ప్రెసిడెంటు, గోడవారన కాలువ తూములు తిప్పే లస్కరు, మిగతా చోటంతా రైతులు. పిన్ని తలుపు పక్కన నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు.

"నియమం నియమమే" అన్నాడు ప్రెసిడెంటు కాగితం ఎత్తి పట్టుకుని. "మొన్న పన్నెండు, ఇప్పుడు పద్నాలుగు. అంటే పద్నాలుగు బస్తాల చేతకానితనం. మడి వెనక్కి తీసుకుందాం. ఎవరికన్నా అభ్యంతరమా?"

వెలితి సారు లేచాడు. హాల్లో ఒక మూలుగు బయల్దేరింది.

"పద్నాలుగు నిజమే. కొలిచింది నేనే. కానీ అవి ఎవరివో మీరు అడగలేదు."

"ఎవరివేమిటండీ? ఆవిడవే!"

"కాదు. తొమ్మిది నావి."

మూలుగు ఆగింది. సారు నమూనా మడి సంగతి, అంచుల సంగతి, పదేళ్ళ కిందటి తన పొరపాటు, అన్నీ ఒకటో ఎక్కం చెప్పినట్టు చెప్పాడు. "రావలసింది నలభై కాదు, ముప్ఫై ఒకటి. నేను లేని తొమ్మిది బస్తాలు చూపించి, తెమ్మని ఊరందరి మీదా పడ్డాను. తప్పు నాది."

పెద్దసారు లేచి నిలబడ్డాడు. "నమూనా మడి కోసేశావా! రేపు అతిథులకి ఏం చూపించనయ్యా? గోడ మీద నలభై ఉంది! మొన్ననే రంగు వేయించాను!"

"గోడమీద ఉన్నంత మాత్రాన చేలో ఉండాలని లేదు సార్."

"సరే, మిగిలిన అయిదు ఆవిడవేగా?" అన్నాడు ప్రెసిడెంటు తొందరగా.

"మూడు లస్కరుగారివి."

లస్కరు గోడకు అంటుకున్నవాడు ఊడివచ్చాడు. "నావా! నాకు సెంటు భూమి లేదు మొర్రో! మూడు బస్తాలు నేనెక్కడ తినేశాను?"

"తినలేదు, ఆపారు. నీళ్ళు పన్నెండు రోజులు ఆలస్యం. ఈ కాలువ మీద నాలుగు రోజుల ఆలస్యానికి ఒక బస్తా పోతుంది. పదేళ్ళుగా ప్రతి మడికీ నీళ్ళొచ్చిన తేదీ నా పుస్తకంలో ఉంది."

"నన్నంటారేం సారూ! ప్రెసిడెంటుగారి తమ్ముడి మడికి రెండో తడి ముందు పెట్టమంటే పెట్టాను!"

ప్రెసిడెంటుకు గట్టిగా దగ్గొచ్చింది. ఎవరూ మంచినీళ్ళు ఇవ్వలేదు.

"ఇంకో ఒకటిన్నర సంఘం ఇచ్చిన విత్తనానిది. కుదుళ్ళు లెక్కపెట్టాను. నూటికి ఆరు చోట్ల మొలకే రాలేదు. ఆ విత్తనం పంచింది తమరే."

ప్రెసిడెంటు దగ్గు ఆపి, అప్పటిదాకా తమ్ముడు కూర్చున్న కుర్చీవైపు చూశాడు. అది ఖాళీగా ఉంది. హాల్లో అందరూ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటున్నారు. తొమ్మిదీ మూడూ పన్నెండు, ఒకటిన్నర కలిపితే పదమూడున్నర.

"ఇంకో అర బస్తా ఎవరిదండీ?" అని వెనకనుంచి ఎవరో ఆత్రంగా అడిగారు.

"అది మాత్రం పిన్నిదే."

"నాదా!" పిన్ని తలుపు దగ్గర నుంచి రెండడుగులు ముందుకొచ్చింది. "నేనేం చేశానయ్యా?"

"కలుపు తియ్యాల్సిన రోజు గట్టు మీద నిలబడి నన్ను తిట్టారు. పూర్తిగా ఒక పూట."

పిన్ని నడుం మీద చేతులేసుకుంది. "తిట్టాను. అర బస్తా పోతే పోయిందిలే. వచ్చే పంటకి ఒక బస్తా పెట్టుకో."

హాలు కప్పు ఎగిరిపోయిందని డ్రైవరు చెబుతాడు. అంత లేదు కానీ, రెండు పావురాలు మాత్రం లేచిపోయాయి. పిన్ని అసలు వెలితి అయిదు, పదికి లోపలే. మడి ఆవిడదే. నవ్వు సద్దుమణిగాక పెద్దసారు నీరసంగా అడిగాడు.

"బాగానే ఉందయ్యా. ఇప్పుడు నాకు నమూనా మడి లేకుండా పోయింది. దాని మాటేమిటి?"

"అంచుల గొడవ లేకుండా, పెద్ద చేను నడుమ పెట్టాలి సార్. పిన్ని చేను బాగుంటుంది."

"చివరి మడా? అక్కడికి నీళ్ళే అందవు!" అన్నాడు ప్రెసిడెంటు, తానేమంటున్నాడో చూసుకోకుండా.

"నమూనా మడికి అందరికంటే ముందు, వేళకు నీళ్ళివ్వాలని మీ నియమాల్లోనే ఉంది కదండీ. చివరి మడికి వేళకు చేరాలంటే దారిలో ఉన్న తూములన్నీ పద్ధతిగా తిప్పాలి. నియమం నియమమే అని ఇందాక తమరే అన్నారు."

లస్కరు నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నాడు. వెనక వరసల్లో దిగువ మడుల రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డ్రైవరు తన బావను, ఇరవై ఏళ్ళుగా తాను ఎత్తి కుదేసి ఏడిపిస్తున్న మనిషిని, కొత్తగా చూశాడు. ఇంత అమాయకపు మొహం పెట్టుకుని ఇంత పని చేసేవాణ్ణి తన కబుర్లలో కూడా అతను ఎప్పుడూ కల్పించలేదు.

తిరుగుదారిలో జీపు గుంటలన్నిటినీ తప్పించుకుంటూ వెళ్ళింది. సీటు మీద పుస్తకాల కట్ట ఉంది. దారిలో గొర్రెల మంద అడ్డొచ్చి బండి ఆగితే డ్రైవరు ఒకటి తీసి తిరగేశాడు. మూడు గడులు ఊరందరికీ తెలిసినవే: రావలసింది, వచ్చింది, వెలితి. నాలుగో గడి ఎవరూ చూడనిది. దాని మీద "ఎవరిది" అని రాసి ఉంది. దాని కింద ప్రతి మడికీ వాటాలు. ఇంత నీళ్ళది, ఇంత విత్తనానిది, ఇంత ఎరువు ఆలస్యంగా పంపిన గిడ్డంగిది. రైతుది అని రాసిన అంకె చాలాచోట్ల అర బస్తా దాటలేదు. పేజీల మధ్య కాలువ ఆఫీసుకీ, గిడ్డంగికీ రాసిన అర్జీల నకళ్ళు. నాలుగేళ్ళ కిందట మూడో మడికి ఉన్నట్టుండి కొత్త తూము వచ్చింది. తన మొక్కు ఫలించిందని ఆ రైతు ఇప్పటికీ చెబుతుంటాడు. ఆ తూముకోసం రాసిన అర్జీలు పదిహేడు.

"ఇన్నాళ్ళూ ఈ ముక్క ఎవరికీ చెప్పలేదేం బావా?"

"ఎవరూ అడగలేదురా. వెలితి ఎంతో వినగానే చెవులు మూసుకుని పారిపోతారు. ఎవరిదని అడిగేదాకా నిలబడితేగా? మీ అక్క ఒక్కతే నిలబడింది."

గొర్రెలు దాటిపోయాయి. డ్రైవరు జీపు కదపలేదు. "అయితే ఇప్పుడేం చేస్తావు?"

"పదేళ్ళ పుస్తకాలున్నాయి కదా. ఇంటింటికీ వెళ్ళి దిద్ది చెప్పాలి."

చెప్పాడు కూడా. రెండు నెలలు పట్టింది. తలుపు తట్టడం, "మీకు ఆరేళ్ళ కిందట పదకొండు బస్తాల వెలితి అన్నాను. తప్పు. రెండే" అని చెప్పడం, నమస్కారం పెట్టడం. మొదట్లో జనం తలుపు తియ్యడానికి భయపడ్డారు. తరవాత ఎదురుచూడడం మొదలుపెట్టారు. ఒక ముసలాయనైతే ఆ "రెండే" అన్న మాట భార్యను వంటింట్లోంచి పిలిచి, సారు చేత మళ్ళీ చెప్పించుకుని, ఆవిడ వైపు విజయగర్వంతో చూశాడు.

పెద్దసారు గోడమీది నలభైని చెరిపించి ముప్ఫై ఒకటి రాయించాడు. అంకెలు చిన్నవి చెయ్యడానికి మాత్రం ఒప్పుకోలేదు.

కొత్త పంట వెయ్యబోయే ముందు నమూనా మడికి బోర్డు పాతాలి. రాసే పని డ్రైవరు తీసుకున్నాడు. తన దస్తూరీ చూసి పరీక్షలు దిద్దే పంతులు ఒకాయన ఏడ్చాడని చెప్పుకుంటూ, తెల్లరంగు మీద ఎర్రరంగుతో 'నమూనా మడి' అని రాసి, కింద సాగుచేయువారు అని పిన్ని పేరు ఇంతలేసి అక్షరాలతో పెట్టాడు. సారు తాడుతో కొలిచి, గట్టు మీద చోటు చూపించాడు. మడిలో పనిచేసుకుంటూ తలెత్తితే పిన్నికి కనబడేలా, బోర్డు మొహం చేను వైపు పెట్టి, డ్రైవరు మేకు మీద సుత్తి ఎత్తాడు.

"ఆగరా అబ్బాయ్!" పిన్ని బురదకాళ్ళతో గట్టెక్కింది. "ఇటు కాదు. అటు తిప్పి పాతు."

"నీ పేరే పిన్నీ! ఇటుంటే రోజూ చూసుకోవచ్చు కదా!"

"నాకు చదువెక్కడిదిరా?" అని పిన్ని కాలువ అవతల మేడవైపు, ప్రెసిడెంటు ఇంటివైపు చెయ్యి చూపించింది. "చదువొచ్చినాయన అక్కడున్నాడు."

డ్రైవరు బోర్డు తిప్పాడు. వెలితి సారు నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, ఒక కన్ను మూసి మేడకేసి చూశాడు. వచ్చి, బోర్డును ఇంకో రెండు వేళ్ళు మేడవైపు జరిపి, "ఇప్పుడు కొట్టు" అన్నాడు.